భద్రతామండలి ముంగిట బత్తుల శ్యాంసుందర్

1948 సెప్టెంబరు 16న పారిస్ నగరంలోని పాలే ద షాయో భవనంలో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి సమావేశమైంది. భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించి అప్పటికి మూడు రోజులు. నిజాం ప్రభుత్వం చేసిన ఫిర్యాదును చర్చకు స్వీకరించాలా వద్దా అన్నది ఆనాటి ప్రశ్న. ఆ ఫిర్యాదును వినిపించడానికి వెళ్లిన హైదరాబాద్ ప్రతినిధి బృందంలో ఒక దళిత నాయకుడు ఉన్నాడు. ఆయన పేరు బత్తుల శ్యాంసుందర్. ఎం.ఏ. విద్యార్థులకు అంతర్జాతీయ సంబంధాలు బోధించే వాడిగా నేను గమనించిన విషయమేమిటంటే, హైదరాబాద్ విలీనం గురించి ఎంతో కొంత చెప్పగలిగిన విద్యార్థులలో చాలామంది ఈ పేరు విననే లేదు. విన్నవారు కూడా నిజాం మనిషి అన్న ఒక్క ముద్రతో సరిపెట్టుకుంటారు.

నేను ఖానాపూర్‌లో పుట్టి పెరిగిన వాడిని. నేటి నిర్మల్ జిల్లాలో, గోదావరికీ కవ్వాల్ అడవికీ నడుమ ఉన్న చిన్న పట్టణమది. అక్కడి నుంచి, కడెం నుంచి, ఉట్నూరు నుంచి డిగ్రీ ముగించి విశ్వవిద్యాలయాలకు వచ్చే దళిత, ఆదివాసీ విద్యార్థులకు అంతర్జాతీయ సంబంధాల కోర్సు తమది కాదన్న భావన బలంగా ఉంటుంది. దౌత్యం, యుద్ధం, అణువిధానం ఇంగ్లీషు బాగా వచ్చిన ఇళ్ల పిల్లలవనీ, తమకు మిగిలింది గ్రామీణాభివృద్ధి, సంక్షేమ పథకాలు, రిజర్వేషన్లు వంటి అంశాలేననీ వారు ముందే నిర్ణయించుకొని వస్తారు. విచిత్రమేమిటంటే, వారి ఇళ్లలోనే మస్కట్‌లోనో దుబాయిలోనో కూలికి వెళ్లిన అన్నలున్నారు. వీసా, పాస్‌పోర్టు, రాయబార కార్యాలయం, పరదేశపు జైలు అన్న మాటలు వారికి పాఠ్యపుస్తకం కంటే ముందే తెలుసు. కొన్నేళ్ల కిందట మా ప్రాంతపు దళిత విద్యార్థి ఒకరు శ్యాంసుందర్‌పై పరిశోధన చేస్తానని ఒక విశ్వవిద్యాలయంలో ప్రతిపాదిస్తే, అది కులానికి సంబంధించిన విషయమనీ, సామాజికశాస్త్ర విభాగానికి వెళ్లమనీ సలహా దొరికింది. ఐక్యరాజ్యసమితికి వెళ్లిన మనిషి అంతర్జాతీయ సంబంధాలలో ఎందుకు ఇమడడు? ఈ ప్రశ్నకు జవాబు ఆయన జీవితంలోనే వెతకాలి.

శ్యాంసుందర్ 1908 డిసెంబరు 21న ఔరంగాబాదులో జన్మించారు. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు మూడూ ఆనాడు నిజాం రాజ్యంలోనివే. ఇంటిపేరులో తెలుగు ఉంది, పుట్టిన ఊరు మరాఠీది, చదివిన చదువు ఉర్దూది. ఇవాళ మూడు రాష్ట్రాల మధ్య విడిపోయిన ఆ ప్రపంచాన్ని ఒకే మనిషిలో చూడాలంటే ఆయనను చూడాలి. పైఠణ్‌ను తాకి ప్రవహించే గోదావరే నాందేడ్, బాసరల మీదుగా మా ఖానాపూర్ పొలిమేరకు చేరుతుంది గనుక, ఆయన ఊరు మాకు మరీ పరాయిది కాదని నేను విద్యార్థులతో అంటుంటాను.

ఆయన ఉస్మానియాలో చదివారు. రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, ఆపైన న్యాయశాస్త్రం. 1918లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం పాశ్చాత్య శాస్త్రాలను ఉర్దూలోకి అనువదించి ఉన్నత విద్యనంతా ఒక భారతీయ భాషలో బోధించే సాహసం చేసింది. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రజల మీద రుద్దిన భాష అన్న విమర్శ ఉంది, అది సబబైనదే. అయితే, సంస్కృతం నిషిద్ధమైన, ఇంగ్లీషు అందని ఒక కులపు యువకుడికి ఉర్దూ ఏమిచ్చిందన్నది వేరే ప్రశ్న. పాలకుల భాష, న్యాయస్థానం భాష, రాజ్యాంగ సిద్ధాంతాల భాష అతనికి ఒకేసారి చేతికి వచ్చాయి.

ఆ ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయం కూడా బోధించేవారు. బోధించినవారిలో ముహమ్మద్ హమీదుల్లా ప్రముఖుడు. ఆయన కూడా 1908లోనే, హైదరాబాద్‌లో పుట్టారు; ఉస్మానియాలో చదివి, జర్మనీలోని బాన్‌లోనూ, పారిస్ సొర్బాన్‌లోనూ పరిశోధన చేసి తిరిగివచ్చి ఉస్మానియాలో ఆచార్యుడయ్యారు. 1948లో పారిస్ వెళ్లిన బృందంలో ఆయనా ఉన్నారు. ఒకే ఏడాది పుట్టి, ఒకే విశ్వవిద్యాలయంలో చదివిన ఇద్దరు, ఒకరు దళితుడు, ఒకరు ముస్లిం పండితుడు, ఒకే ఫిర్యాదుతో భద్రతామండలి ముంగిటికి వెళ్లారు. అంతర్జాతీయ సంబంధాల ఉన్నత విద్య తెలంగాణకు ఢిల్లీ నుంచి దిగివచ్చిందని అనుకునే మనం ఈ సంగతిని మరిచిపోయాం. ఢిల్లీలోని సప్రూ హౌస్‌లో అంతర్జాతీయ అధ్యయనాల స్కూలు 1955లో గాని ఏర్పడలేదు.

హైదరాబాద్ దళిత రాజకీయాలకు పునాది వేసింది శ్యాంసుందర్ తరం కాదు. భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి వంటివారు పాఠశాలలు, సంఘాలు, సభలతో ఆ దారిని ముందే వేశారు. వారిది ప్రధానంగా ఆత్మగౌరవం, సంస్కరణ. 1930ల నుంచి వచ్చిన బి.ఎస్. వెంకటరావు, శ్యాంసుందర్‌ల తరానిది అధికారంలో వాటా. అణగారిన వర్గాల సంఘం, అంటే డిప్రెస్డ్ క్లాసెస్ అసోసియేషన్, వారి వేదిక. ఈ సంఘం హైదరాబాద్ భారత్‌లో కలవకుండా స్వతంత్రంగా ఉండాలన్న నిజాం వైఖరిని సమర్థించింది. లాయక్ అలీ మంత్రివర్గంలో వెంకటరావు విద్యామంత్రి అయ్యారు. అణగారిన వర్గాల విద్యకోసం కోటి రూపాయల నిధి ఏర్పడింది. శ్యాంసుందర్ శాసనసభలో ఉప సభాపతి అయ్యారు.

ఈ దశను పొగిడి దాటవేయడం నాకు సాధ్యం కాదు. నిజాం రాజ్యమంటే వెట్టి. దేశ్‌ముఖుల గడీలలో చెప్పులు కుట్టి, డప్పు కొట్టి, చావుకబురు మోసి, పటేలు పట్వారీల సామాను నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగింది మాదిగలు, మాలలే. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీంను కాల్చిచంపింది ఆ రాజ్యపు పోలీసులే. ఆ తర్వాతే అదే రాజ్యం ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త సలహాతో ఆదిలాబాద్ గోండులకు కొంత భూమి పంచింది. దళితులందరూ తమ వెనుక ఉన్నారని నిజాం ప్రభుత్వం ప్రపంచానికి చెప్పుకున్న రోజులలో, 1946లో మొదలైన సాయుధ రైతాంగ పోరాటంలో ఆ గడీల మీదికి లేచినవారిలో దళితులు తక్కువేమీ కాదు. రజాకార్ల దాడులకు గురైన పల్లెల్లో దళితవాడలూ ఉన్నాయి. అటువంటి ప్రభువును సమర్థించిన దళిత నాయకుడిని వెట్టి చేసినవారి మనుమలు నిలదీస్తే, ఆ నిలదీతకు హక్కుంది.

అంబేడ్కర్ ఆనాడే నిలదీశారు. 1947 నవంబరులో, నిజాంకు భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒప్పందం కుదిరిన నెలలోనే, హైదరాబాద్ దళితులు నిజాం పక్షం వహించవద్దనీ, ఆపద నుంచి తప్పించుకోవడానికి మతం మారవద్దనీ ఆయన ప్రకటన చేశారు. ఆ ప్రకటన సరైనదేనని నా అభిప్రాయం. జోగేంద్రనాథ్ మండల్ అనుభవం దానికి సాక్ష్యం: పాకిస్తాన్ తొలి న్యాయమంత్రి అయిన ఆ దళిత నాయకుడు 1950 అక్టోబరులో రాజీనామా చేసి భారత్‌కు తిరిగి రావలసి వచ్చింది.

అయినా శ్యాంసుందర్ ప్రశ్న అక్కడితో కొట్టుకుపోదు. ఆయన భయమల్లా నిజాం పోయాక వచ్చేదెవరన్నదే. హైదరాబాద్‌లో కాంగ్రెస్, ఆర్యసమాజ్ నాయకత్వంలో ఎక్కువమంది భూమి ఉన్న, అక్షరం ఉన్న కులాలవారు. అధికారం వారి చేతికి వస్తే దళితుడికి దక్కేదేమిటన్న సందేహం ఆయనను ఒక పొరపాటు పక్షానికి చేర్చి ఉండవచ్చు. సందేహం మాత్రం పొరపాటు కాదు. పరాయి పాలకుడు పోతే స్వకుల పాలకుడు మిగులుతాడన్న ఈ చిక్కు ఆసియా, ఆఫ్రికాల వలస విముక్తి చరిత్ర పొడుగునా అల్పసంఖ్యాకులను వెంటాడింది. దీన్ని ఆ చరిత్రలో భాగంగా చదవకపోవడం వల్లనే శ్యాంసుందర్ మనకు కేవలం నిజాం మనిషిగా కనిపిస్తున్నారు.

ఇక పారిస్ సంగతి. హైదరాబాద్ 1948 ఆగస్టు 21న భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. సమితిలో సభ్యత్వం లేని రాజ్యం కూడా, శాంతియుత పరిష్కారానికి ముందుగా కట్టుబడి, తన వివాదాన్ని మండలి ముందుకు తేవచ్చునని సమితి నియమావళి 35వ అధికరణం రెండవ ఖండం చెబుతుంది. దాని ఆధారంగానే ఈ ఫిర్యాదు. భారత్ సమాధానం సూటిగా ఉంది: హైదరాబాద్ ఎన్నడూ స్వతంత్ర రాజ్యం కాదు, దానికి విదేశాంగ వ్యవహారాలు లేవు, కనుక ఫిర్యాదు చేసే అర్హతే లేదు. రాజ్యమంటే ఏమిటి, బ్రిటిష్ ప్రాబల్యం తొలగాక సంస్థానాల సార్వభౌమత్వం ఎవరికి చెందింది, ఆంతరంగిక వ్యవహారం ఎక్కడ ముగిసి అంతర్జాతీయ వివాదం ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్నలన్నీ ఈ ఒక్క వ్యాజ్యంలో ఉన్నాయి. సార్వభౌమత్వాన్ని బోధించడానికి మనం 1648 నాటి వెస్ట్‌ఫాలియా సంధితో మొదలుపెడతాం. అది అవసరమే. కానీ ఆదిలాబాద్ విద్యార్థికి అతని తాత జీవించిన రాజ్యమే ఈ ప్రశ్నకు ఉదాహరణ అని చెప్పకపోవడం ఏమి బోధన?

మండలిలో ఎనిమిది మంది అనుకూలంగా ఓటు వేయగా ఫిర్యాదు ఎజెండాలోకి వచ్చింది. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థంగా ఉన్నాయి. హైదరాబాద్ తరఫున బృంద నాయకుడు మొయిన్ నవాజ్ జంగ్ వాదన వినిపించారు. భారత్ తరఫున నిలబడింది ఆర్కాట్ రామస్వామి ముదలియార్. ఈయన ఒకప్పటి జస్టిస్ పార్టీ నాయకుడు, ఆ పార్టీ పత్రికకు సంపాదకుడు. అంటే మద్రాసు బ్రాహ్మణేతర ఉద్యమం నుంచి వచ్చిన మనిషి ఒక పక్షాన, హైదరాబాద్ దళిత ఉద్యమం నుంచి వచ్చిన మనిషి మరో పక్షాన ఆ భవనంలో ఎదురెదురుగా ఉన్నారన్నమాట. ఇద్దరి సామాజిక చరిత్రా మండలి చర్చలో అంశం కాలేదు. శ్యాంసుందర్ ఆ బృందంలో ఎందుకున్నారన్నది ఊహించడం కష్టం కాదు: హైదరాబాద్ స్వాతంత్ర్యం ముస్లిం పాలకవర్గపు కోరిక మాత్రమే కాదని ప్రపంచానికి చూపడానికి ఆయన ఉనికి పనికివచ్చింది. దళితుడిని ప్రతినిధి బృందంలో కూర్చోబెట్టి మాట మరొకరు మాట్లాడే పద్ధతి నిజాంతో పుట్టలేదు, నిజాంతో పోనూ లేదు.

మరుసటి రోజే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయారు. కొద్ది రోజులకే ఫిర్యాదును ఉపసంహరిస్తున్నట్లు ఆయన తంతి పంపారు. పారిస్‌లోని ప్రతినిధులు ఎవరికి ప్రతినిధులన్నదే ప్రశ్నగా మారింది. పంపిన ప్రభుత్వమే లేదు. హమీదుల్లా తిరిగి రాలేదు. ఏ దేశపు పౌరసత్వమూ తీసుకోకుండా దశాబ్దాలపాటు పారిస్‌లోనే జీవించి, 2002లో అమెరికాలో కన్నుమూశారు. శ్యాంసుందర్ వచ్చారు. ఆయనకు దేశాన్ని విడిచిపెట్టే వెసులుబాటు లేదు, ఆయన జనమంతా ఇక్కడే ఉన్నారు.

ఆ శరత్కాలంలో అదే భవనంలో మరొక చర్చ జరుగుతూ ఉంది. డిసెంబరు 10న ఆమోదం పొందిన మానవ హక్కుల సార్వజనీన ప్రకటన ముసాయిదాను సమితి మూడవ సంఘం పరిశీలిస్తున్నది. వివక్షను నిషేధించే రెండవ అధికరణంలో జన్మ అన్న పదం ఉండాలా అన్న విషయంపై చర్చ వచ్చినప్పుడు, దాని బదులు కులం అన్న పదాన్ని సూచించింది భారత ప్రతినిధులే. తర్వాత, సామాజిక మూలం వంటి పదాలలో అది ఇమిడిపోతుందని తృప్తిపడి వదిలేశారు. అలా వదిలేసిన సందర్భంలో మాట్లాడింది ఎ. అప్పాదొరై, సప్రూ హౌస్‌లో అంతర్జాతీయ అధ్యయనాల స్కూలుకు తొలి సంచాలకుడైనవారు. ఇందులో కుట్ర వెతకనక్కరలేదు. కానీ మన శాస్త్రపు తొలి గురువుల చేతుల మీదుగానే కులం అన్న మాట ప్రపంచ పత్రంలోకి రాబోయి ఆగిపోయిందన్న సంగతి ఆ శాస్త్రాన్ని చదివే ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండాలి. అదే సమయంలో, నవంబరు 29న, ఢిల్లీలో రాజ్యాంగ సభ అస్పృశ్యతను రద్దు చేసే అధికరణాన్ని ఆమోదించింది. ఇంట్లో నేరమైనది వీధిలో పేరు లేనిదయింది.

పోలీసు చర్య తర్వాత మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా ప్రాంతాలలో ముస్లింలపై జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ సంఘం అంచనా వేసింది. అది శ్యాంసుందర్ పుట్టిన ప్రాంతం, తర్వాత పనిచేసిన ప్రాంతం. దళితులు, ముస్లింలు, ఇతర అల్పసంఖ్యాకులు కలసి నిలవాలన్నది ఆయన చివరి వరకూ విడవని రాజకీయం. దానిని నిజాం కొలువు మిగిల్చిన వాసన అన్నవారున్నారు. కొలువే లేనప్పుడు, పదవీ ప్రయోజనమూ లేనప్పుడు పాతికేళ్లకు పైగా ఒక మాట మీద నిలిచిన మనిషిని అంత తేలికగా తీసిపారేయలేం.

1968 ఏప్రిల్‌లో ఆయన గుల్బర్గాలో భీమసేనను స్థాపించారు. దళితవాడల ఆత్మరక్షణ దాని ధ్యేయం. దళితులను మూల భారతీయులని పిలిచి, హిందూ సమాజంలోని ఒక అంచుగా కాక, తమకంటూ చరిత్ర ఉన్న ప్రజగా వారిని నిలబెట్టాలన్నారు. ఆ ఏడాది డిసెంబరు 25న తమిళనాడులోని కీళవెణ్మణిలో 44 మంది దళితులను గుడిసెలో సజీవంగా దహనం చేశారు. బొంబాయిలో దళిత్ పాంథర్స్ 1972లో వచ్చింది. దానికి నాలుగేళ్ల ముందే దక్కన్‌లో భీమసేన పుట్టిందన్నది మన ఉద్యమ చరిత్రలు ఒక వాక్యంలో కూడా చెప్పవు. ఆయన 1975 మే 19న మరణించారు. దే బర్న్ అన్న పేరుతో బెంగళూరులో వెలువడిన ఆయన ఇంగ్లీషు పుస్తకం 16 కోట్ల అంటరానివారి గురించినది. పారిస్ చూసివచ్చిన మనిషి తన జనాన్ని ఒక దేశపు జనాభాతో సరితూగే సంఖ్యగా లెక్కించడం నాకు యాదృచ్ఛికంగా తోచదు.

కులం అంతర్జాతీయ వేదికకు తగదన్న వాదన ఆ తర్వాత ఎంత దూరం నడిచిందో చూడాలి. జాతివివక్ష నిర్మూలనకు 1965లో సమితి ఆమోదించిన ఒడంబడికలో వంశం అన్న మాటను ప్రతిపాదించింది భారతే. దక్షిణాఫ్రికాపై 1946 నుంచి సమితిలో పోరాడిన దేశానికి అది సహజం. భారత్ ఆ ఒడంబడికను 1968లో, అంటే భీమసేన పుట్టిన ఏడాదే ధ్రువీకరించింది. కానీ 1996లో ఆ ఒడంబడిక పర్యవేక్షక సంఘం ముందు, వంశం అన్న మాటలోకి కులం రాదని వాదించిందీ భారతే. 2001లో దర్బన్ సమావేశానికి దళిత సంఘాలు వెళ్లినప్పుడు మళ్లీ అదే వాదన. 2002లో పర్యవేక్షక సంఘం తన 29వ సాధారణ సిఫారసులో కులం కూడా వంశాధారిత వివక్షేనని స్పష్టం చేసింది. ఒక రాజ్యం తాను చేర్చిన పదం అర్థాన్ని తానే కుదించుకున్న ఈ కథ ఏ దేశపు అంతర్జాతీయ సంబంధాల తరగతిలోనైనా మంచి పాఠం. మన పాఠ్యప్రణాళికలలో ఇది మానవ హక్కుల పేపరులో ఒక ఉపశీర్షికకు మించి రాదు.

విదేశాలలో చదివే దళిత విద్యార్థుల సంగతి చూస్తే ఈ కుదింపు మరింత స్పష్టమవుతుంది. కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ విద్యా ఉపకార వేతనం నిబంధనలను 2022లో మార్చి, భారత సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సామాజిక అధ్యయనాలకు సంబంధించిన అంశాలను మినహాయించారు. వాటికి కావలసిన వనరులు దేశంలోనే ఉన్నాయన్నది ఇచ్చిన కారణం. ఈ నిబంధన ప్రకారం ఖానాపూర్ నుంచి ఆ ఉపకార వేతనంతో పారిస్ వెళ్లే దళిత విద్యార్థి ఫ్రాన్స్ విదేశాంగ విధానం మీద పరిశోధన చేయవచ్చు, పారిస్ వెళ్లిన శ్యాంసుందర్ మీద చేయడం కష్టం. కొలంబియాలో చదువుతూ 1916 మే నెలలో భారతదేశపు కులాల పుట్టుకపై పరిశోధనా పత్రం సమర్పించిన అంబేడ్కర్‌కు బరోడా సంస్థానం ఇటువంటి షరతు పెట్టలేదు.

దేశంలో ఉన్న వనరులేమిటో కూడా చూద్దాం. హైదరాబాద్ ప్రశ్నపై భద్రతామండలి జరిపిన సమావేశాల పూర్తి నివేదికలు సమితి గ్రంథాలయంలో ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. అవి ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో ఉన్నాయి. నిజాం ప్రభుత్వపు దస్త్రాలు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖనశాలలో ఉన్నాయి; అవి ఎక్కువగా ఉర్దూ, పారశీకాలలో ఉన్నాయి. మరాఠ్వాడా దళిత సంఘాల కాగితాలు మరాఠీలో, భీమసేన కరపత్రాలు కన్నడ, తెలుగు ప్రాంతాల పాత కార్యకర్తల ఇళ్లలో. ఈ పరిశోధనకు ముందు కావలసినది సిద్ధాంతం కాదు, ఉర్దూ చదవగలిగిన తెలుగు విద్యార్థి. ఈ సంవత్సరం నా దగ్గర అంతర్జాతీయ సంబంధాలలో పరిశోధనకు చేరినవారిలో ఒకరు వారానికి మూడు సాయంత్రాలు ఉర్దూ లిపి నేర్చుకుంటున్నారు. పర్యవేక్షకుడిగా నేను సంతకం చేసిన ప్రతిపాదనలో విభాగం పేరు రాజనీతిశాస్త్రమనే ఉంది, అంశం పేరు బత్తుల శ్యాంసుందర్.